హెర్రింగు రెండోసారి

ఈస్టర్ సోమవారం విందుకని, పీపాలోంచి తెచ్చిన ఉప్పు హెర్రింగు చేపలను ముందురోజే నీళ్ళలో నానవేశాను. నీళ్ళు మార్చడానికి వెళ్ళినప్పుడల్లా మా ఆయన వీగో వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే కాసేపు చూసి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆ ఈల వింటే నాకు భయం వేసేది.

అంతకుముందు గురువారం స్కూలు వంటశాల నుంచి ఫోన్ వచ్చింది. నేను తోటలో బట్టలు ఆరేస్తున్నాను. ఫోన్ వీగో తీశాడు. అతనికి తెలియకుండా నేను అడిగిన ఉద్యోగం ఖాయమైందట, ఈస్టర్ సెలవులు అయ్యాక వచ్చి చేరమన్నారట. ఆ కబురు తనే తెచ్చి చెప్పి, నా భుజం మీద అంటుకున్న దారప్పోగును తీసి పడేసి, "పండక్కి జనం వస్తున్నారుగా. అందరూ వెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. వీగో అరుపు అక్కడితో పోతుంది, దాచిపెట్టుకున్న కోపం పోదు. పోయిన అక్టోబరులో ఇలాగే ఒకసారి జనం వెళ్ళాక మాట్లాడుకున్నాం. అప్పటి నుంచి నా ఎడమ మణికట్టు సరిగ్గా తిరగదు, నిండు గిన్నె ఎత్తాలంటే కుడిచేయి కూడా సాయం పట్టాలి. నేలమాళిగ మెట్ల మీద జారానని అందరికీ చెప్పాను. అత్తగారు థోరా ఒక్కరే ఆ కట్టు వైపు చాలాసేపు చూసి, "మా ఇంటి మెట్లూ అంతేనమ్మాయ్, తెగ జారేవి" అన్నారు. ఆ ఇంట్లో మెట్లు లేవని నాకు ఆ రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా అటు తిరిగి పడుకున్నాను.

పండగ ఖర్చుకని వీగో ఇచ్చింది మా ఇద్దరికి రెండు రోజులు గడిచేంత. "పదకొండుమందికి ఇది చాలదు" అంటే, "మా అమ్మ ఇంతకంటే తక్కువతో బంధువులందరికీ పెట్టేది, ఎవరూ ఆకలితో వెళ్ళలేదు" అన్నాడు. అదే రోజు మూడు సీసాల సారా తెచ్చుకున్నాడు. దానికి పొదుపు అడ్డం రాలేదు. అయినా అతని మాట నిజమే, అత్తగారి చేయి అలాంటిది. పెళ్ళయిన కొత్తలో ఆవిడే నాకు నేర్పారు. "మాంసం చూపించాలి అమ్మాయ్, కింద మాత్రం బంగాళాదుంప ఉండాలి. రొట్టె పలచగా కోయి. గిన్నెలన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టెయ్యకు, ఒక్కొక్కటే తీసుకురా." పొదుపు పాఠం అనుకున్నాను. పంది కార్జంలో కొవ్వు, ఉల్లి వేసి రుబ్బి ఆవిరి మీద ముద్ద కట్టించాను. మాంసపుండల్లో మాంసం కంటే ఓట్స్ ఎక్కువ కలిపాను. ఉడికించిన గుడ్లు, యాపిల్ ముక్కలు, కాస్త మసాలా పొడి పడేసరికి ఒక గిన్నె హెర్రింగు రెండు గిన్నెలైంది.

మా పండగ బల్లకు ఒక వరస ఉంది. ముందు హెర్రింగు, ఆ తర్వాత వేయించిన చేప, ఆ తర్వాత మాంసం, ఆఖరున చీజ్. చీజ్ వచ్చిందంటే కాఫీ, కాఫీ తాగారంటే కోట్లు వేసుకుని బయల్దేరడమే. ఈ వరస తప్పిన ఇల్లాలిని ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతారు. శనివారం చీజ్ కొట్టు అద్దం ముందు నిలబడితే, అందరూ కోట్లు వేసుకుంటున్నట్టూ, తలుపు మూసుకున్నట్టూ, వీగో గడియ పెడుతున్నట్టూ కనిపించింది. కొట్టులోకి వెళ్ళలేదు. ఆ డబ్బుతో ఇంకొన్ని హెర్రింగులు, ఇంకొంచెం బంగాళాదుంపలు కొన్నాను. చీజ్ రాకపోతే భోజనం అయిపోదు, భోజనం అయిపోకపోతే ఎవరూ లేవరు. పిచ్చి ఆలోచన అని నాకూ తెలుసు. భయంలో మనిషికి అంతకంటే పెద్ద ఆలోచనలు రావు.

సోమవారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. అత్తగారు, మరిది ఎర్లింగ్, తోడికోడలు కిర్స్టెన్, వీగోతో పడవల కార్ఖానాలో పనిచేసే మూడు జంటలు. నేను ఒక్కొక్క గిన్నే తెచ్చాను. "ఇన్ని రకాలు ఎలా చేశావక్కా? మా ఇంట్లో జీతమంతా పోసినా ఇంత కనిపించదు" అంది కిర్స్టెన్.

"దానికి వచ్చింది అదొక్కటేగా" అన్నాడు వీగో, సారా పోస్తూ. "ఇప్పుడు ఊళ్ళో పిల్లలందరికీ వండి పెడుతుందట. పాపం, ఆ పిల్లలేం చేశారో!"

బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ అలవాటు నాకు బాగానే అయింది. వీగో మాత్రం నవ్వకుండా గోడ గడియారం చూశాడు.

మాంసం గిన్నెలు ఖాళీ అవుతుంటే ఎర్లింగ్ ఏటా చెప్పే కబురు ఎత్తుకున్నాడు. "అమ్మ హెర్రింగు రెండుసార్లు వడ్డించిన ఈస్టర్ చెప్పానా మీకు? మాంసం అయిపోయింది, ఇక చీజ్ రావాలి. నాన్న గడియారం చూస్తున్నాడు. అమ్మ వంటింట్లోకెళ్ళి మళ్ళీ హెర్రింగు పట్టుకొచ్చింది! నాన్న మొహం చూడాలి! దాని తర్వాత ఇంకేదో, ఇంకేదో. చీకటి పడ్డా ఎవర్నీ లేవనివ్వలేదు. మతిమరుపు అప్పుడే మొదలైంది మా అమ్మకి!"

అందరూ పడీపడీ నవ్వారు. అత్తగారు ఏటా నవ్వినట్టే పెదవులు మూసుకుని నవ్వారు. ఎంగిలి ప్లేట్లు ఎత్తుతున్న నా చేతులు ఆగిపోయాయి. ఎన్నోసార్లు విన్న కబురే. చనిపోయిన మామగారు గడియారం చూడటం మాత్రం ఆ రోజే విన్నాను. మెట్లు లేని ఇంట్లో మెట్లు జారిన మనిషి నాకు ఎదురుగా కూర్చుని రొట్టె ముక్కలు పోగు చేస్తోంది. గిన్నెలు ఒక్కొక్కటే తీసుకురమ్మని ఆవిడ నాకు ఎందుకు నేర్పారో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటే ఒళ్ళు మండింది. అన్నేళ్ళు వడ్డించి ఆవిడ సంపాదించుకున్నది చీకటి పడేవరకూ గడువు, అంతే.

వీగో సీసాకు మూత బిగించాడు. "ఎల్సె, ఇక చీజ్ తే" అన్నాడు, చాలా మెత్తగా.

నేను వంటింట్లోకి వెళ్ళి రెండో గిన్నె హెర్రింగు తెచ్చి బల్ల నడుమ పెట్టాను.

"వదినా, నువ్వు కూడానా!" అని ఎర్లింగ్ బల్ల గుద్ది మరీ నవ్వాడు. అత్తగారి ఫోర్కు గాల్లోనే ఆగింది. ఆవిడ గిన్నెను చూశారు, తర్వాత నా మణికట్టును, తర్వాత కొడుకును.

"చీజ్ అడిగాను" అన్నాడు వీగో.

"కొనలేదు" అన్నాను. బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళ వైపు తిరిగాను. "మీరంతా వెళ్ళాక నాతో మాట్లాడతానన్నాడు. అక్టోబరులో మాట్లాడినప్పుడు ఈ చెయ్యి విరిగింది. నేను ఏ మెట్ల మీదా జారలేదు. మీరు వెళ్ళకుండా ఉంటారని చీజ్ కొనలేదు."

ఎర్లింగ్ నవ్వు మొహం మీద అలాగే మిగిలిపోయింది. కార్ఖానా వాళ్ళు ప్లేట్లలోకి చూస్తున్నారు. "తాగింది" అన్నాడు వీగో. "కూర్చో, ఎల్సె."

"నువ్వు కూర్చో, వీగో" అన్నారు అత్తగారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు, అతనూ విన్నట్టు లేదు. "నా ఈస్టర్ గురించి ఇన్నేళ్ళు నవ్వారు. ఎందుకు అలా చేశావమ్మా అని ఒక్కరైనా అడిగారా? ఎర్లింగ్, నా కోటు తే. ఎల్సెది కూడా. తను ఇవాళ మా ఇంటికి వస్తుంది."

"నాది నేను తెచ్చుకుంటాను అత్తయ్యా" అన్నాను.

బయట ఇంకా ఎండ ఉంది. బల్ల మీద గిన్నెలు, గ్లాసులు, పదకొండుమంది ఎంగిళ్ళు. చెయ్యి అలవాటుగా ప్లేట్ల మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. ఆ ఇంట్లో మొదటిసారి, వచ్చిన చుట్టంలా తిన్న ప్లేటు అక్కడే వదిలేసి లేచాను.