కండెల మూకుడు

టేక్ బహదూర్ క్యాబేజీ గడ్డను రెండు చెక్కలు చేసి, ఒకదాన్ని పలక మీద బోర్లించి సన్నగా తరుగుతున్నాడు. కత్తి పలకకు తగిలే చప్పుడు ఇవాళ మరీ పెద్దగా వినిపిస్తోంది. కాసేపటికి చెయ్యి ఆపి తల ఎత్తాడు. తేడా కత్తిలో లేదు. ముందుగదిలోంచి రావలసిన రాట్నం చప్పుడు రావడం లేదు.

రోజూ ఈ వేళకు సుభద్రమ్మ గడపకు వీపు ఆనించి కూచుని మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉంటుంది. మగ్గాన్ని పోయిన వారమే విప్పి, దూలాలు గోడకు ఆనించారు. నిన్న ఆయుధపూజ ముగిశాక రాట్నాన్ని పక్కవీధి వాళ్ళకు ఇచ్చేశారు. ఆమె కొడుకు కుమారస్వామికి భివండిలో మరమగ్గాల షెడ్డులో పని దొరికింది. దశమి మంచిరోజని ఈ మధ్యాహ్నమే ప్రయాణం పెట్టుకున్నారు. ఆదోని దాకా ఆటో, అక్కణ్ణుంచి రైలు.

విప్పిన మగ్గం దూలాలకు కూడా కోడలు సునంద నిన్న కుంకుమ పెట్టింది. బజారులో శివకుమార్ తన నూడుల్స్ బండికి బంతిపూల దండ కట్టి, కడాయికీ గరిటెకూ, చివరికి గ్యాసు సిలిండరుకూ బొట్లు పెట్టాడు. ఆ బండి మీద వంట చేసే తన నుదురు ఒక్కటే బోసిగా ఉందని టేక్ బహదూర్‌కు తోచింది. నవ్వుకుని మళ్ళీ కత్తి అందుకున్నాడు.

ఎమ్మిగనూరులో అతన్ని అందరూ టేకప్ప అంటారు. పొట్టి మనిషి, దిట్టమైన భుజాలు. ముంజేతుల నిండా నూనె చింది కాలిన మచ్చలు. పొగకు అలవాటుపడ్డ కళ్ళు మంచి గాలిలో కూడా సగం మూసుకునే ఉంటాయి. నేపాల్‌లో, పాల్పా కొండల్లో అతని ఊరు. ఇక్కడికి మొదట గూర్ఖాగా వచ్చాడు. చలి ఎరగని ఈ ఊళ్ళో ఊలు టోపీ పెట్టుకుని, లాఠీ నేలకు కొడుతూ, ఈల వేస్తూ చేనేత వీధులన్నీ తిరిగేవాడు. ఒకరోజు సుభద్రమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి అతన్ని నిలదీసింది.

"ఈలేసుకుంటా తిరిగితే నువ్వు యాడుండావో దొంగకు తెలుస్తాది గదప్పా. మా నిద్ర పాయె, వానికి పని సులువాయె."

అతనికి అప్పటికి తెలుగు సరిగా రాదు. తిడుతోందని మాత్రం తెలిసింది. ఈ దేశం కాని దేశంలో అప్పటిదాకా అతన్ని తిట్టడానికైనా ఎవరూ పిలిచి నిలబెట్టలేదు. మరుసటి నెల ఆ ఇంటి వెనకగది అద్దెకు అడిగాడు. గదికి కిటికీ లేదు, ఎండాకాలం రేకులు కాగిపోతాయి. అయినా తెల్లవారుజామున గోడ అవతల రాట్నం తిరిగేది. పాల్పాలో అతని తల్లి కూడా ఇంట్లో బట్ట నేసేది. చిన్నప్పుడు ఆమె నూలు చుడుతుంటే ఆ చప్పుడుకే నిద్రపోయేవాడు. కళ్ళు మూసుకుంటే రెండు రాట్నాలకూ తేడా తెలిసేది కాదు. కొన్నాళ్ళకు చూపు మందగించి గస్తీ మానేశాడు. కడాయి పట్టుకున్నాడు. గది మాత్రం మారలేదు.

ఆ తల్లి నిరుడు పోయింది. వాళ్ళ కొండల్లో దసరా దశమినాడు ఇంట్లో పెద్దవాళ్ళు పెరుగులో తడిపిన బియ్యంలో కుంకుమ కలిపి, చిన్నవాళ్ళ నుదుటి నిండా బొట్టు పెట్టి దీవిస్తారు. చీకట్లో పెంచిన బార్లీ మొలకలు చెవిమీద పెడతారు. ఊరికి పోలేని సంవత్సరాల్లో టేక్ బహదూర్ ఆదోని వెళ్ళేవాడు. అక్కడ పత్తిమిల్లు కాపలా ఉండే ఒక ముసలి నేపాలీ, చుట్టుపక్కల ఉన్న నలుగురైదుగురికీ బొట్టు పెట్టేవాడు. ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. తల్లి పోయిన ఏడాది మైల, పండగ లేదు. ఈ ఏడు మైల తీరింది. బొట్టు పెట్టించుకోవచ్చు. పెట్టే చెయ్యే లేదు. దశమినాడు బొట్టు లేని నుదురంటే, వెనక ఒక్క పెద్దదిక్కూ లేని మనిషన్నమాట.

ఈ ఇంట్లో అతనికన్నా పెద్దది సుభద్రమ్మ ఒక్కతే. నవరాత్రి మొదలైనప్పటి నుంచీ అడగాలని అనుకుంటూనే ఉన్నాడు, అడగలేకపోతున్నాడు. ఆమెకు మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లోంచి ఎవరు మంచిపనికి బయల్దేరినా ఆమె ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి తప్పుకోవడం అతను చూశాడు. కుంకుమభరిణె ఉన్న గూటివైపు చెయ్యి చాచడం ఎప్పుడూ చూడలేదు. అడిగితే నొచ్చుకుంటుందేమో. ఇప్పుడు అడక్కపోతే, మధ్యాహ్నం దాటాక ఆ మనిషి ఈ ఊళ్ళో ఉండదు.

తరిగిన కూరను గిన్నెకెత్తి, తడిగుడ్డ కప్పి, ముందుగదిలో నేసేవాళ్ళు కాళ్ళు దించుకునే మగ్గం గుంత దగ్గరికి వెళ్ళాడు. గుంత మూలలో, కండెలు నానబెట్టే మట్టి మూకుడు మీద పాత లుంగీగుడ్డ కప్పి ఉంది. అది తొలగించి చూశాడు. మొలకలు జానెడు పైగా పెరిగాయి. వెలుతురు తగలక, పసుపుకొమ్ము విరిచినట్టున్నాయి.

మూకుడు అడిగితే సుభద్రమ్మే ఇచ్చింది. మట్టి నింపి, కిరాణా కొట్లో కొన్న బార్లీ గింజలు అందులో చల్లాడు. ఈ ఊళ్ళో బార్లీ అంటే ఒళ్ళు వేడి చేసినప్పుడు కాచుకు తాగేది. పొట్టు తీసి తెల్లగా నున్నగా చేసి అమ్ముతారు. అలాంటివి మొలవవని అతనికి తట్టలేదు. నీళ్ళు చిలకరిస్తూ ఎదురుచూశాడు. గింజలు ఉబ్బాయి, పులిసిన వాసన వేశాయి, ఒక్కటీ మొలవలేదు. ఇక పారబోద్దామనుకుని గుడ్డ తీసినరోజు, మట్టి మీద తెల్లటి మొనలు వరసగా లేచి ఉన్నాయి. రెండు రోజులు గడిచేసరికి ఆకు విచ్చుకుంది. బార్లీ ఆకు కన్నా వెడల్పు, మొదలు దగ్గర ఎర్రజీర. గోనెగండ్ల దారిలో చేలనిండా కనిపించే ఆకే. అతనికి తెలియక కాదు. ఎవరితోనూ అనలేదు.

"టేకప్పా, నీళ్ళు పోసినావా ఇంకా లేదా?" వెనకనుంచి సుభద్రమ్మ గొంతు.

ఆమె పెట్టెలూ మూటలూ సర్ది అలిసిపోయి, మగ్గం గుంత గట్టు మీద కూచుంది. సన్నటి మనిషి. నూలు తీసి తీసి కుడిచేతి చూపుడువేలు మీద గీత పడిపోయింది. పోసినానని చెప్పి అతను కూడా పక్కన కూచున్నాడు. బయట సునంద ఆటో అతనితో మూటల గురించి మాట్లాడుతోంది. సుభద్రమ్మ ఖాళీ గుంతలోకి చూస్తూ, ఆదోని తేరు చూడ్డానికి తప్ప తను ఈ ఊరు దాటి రాత్రి ఉన్నది లేదని చెప్పింది. తర్వాత చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"ఎట్లుంటివప్పా ఇన్నేండ్లు? నాకు ఆడ నిద్రబడ్తాదా?"

టేక్ బహదూర్ ఆలోచించాడు. ఈ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మొదటి ఏడాది ఏం చేశాడో గుర్తు తెచ్చుకున్నాడు. అన్నం ముందు కూచుని మన అన్నం కాదని, నీళ్ళు తాగుతూ మన నీళ్ళు కావని, పోల్చిన ప్రతిదాన్నీ పక్కకు నెట్టేసేవాడు. పోల్చడం మానేశాక ఆకలైంది. ఆ మాట చెప్పాడు. తరవాత, వెళ్ళగానే మన ఊరి చప్పుడు లాంటి చప్పుడు ఒకటి వెతుక్కోమన్నాడు. ఎక్కడైనా ఒకటి ఉంటుందన్నాడు. అక్కడ మరమగ్గాల మోతే కదా, తన రాట్నం చప్పుడు ఎక్కడ దొరుకుతుందని ఆమె పెదవి విరిచింది.

"నాకు ఈడ నీ రాట్నమే దొరికిందవ్వా. దానికే ఈ గదిలో ఉండిపోతి."

ఆమె తల తిప్పి అతన్ని చూసింది. ఇన్నేళ్ళూ తెల్లవారుజామునే ఆ చప్పుడు చేసి అతని నిద్ర చెడగొడుతున్నానని మనసులో అనుకునేదాన్నని చెప్పింది.

"ఇంగోటి గూడా చెయ్యల్ల," అన్నాడు. "తిట్టే మనిషిని ఒకర్ని సంపాదించుకోవల్ల. మనల్ని తిట్టేవాళ్ళుంటే ఆ ఊరు మనదైతాది."

"ఆడ నేను మరాఠీలో ఎవర్తితో తిట్లు తినేది?"

"నాకు మాత్రం తెలుగొచ్చునా అప్పుడు?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ధైర్యం వచ్చింది. తడిపిన బియ్యం పళ్ళెంలో కలిపి గదిలో మూతపెట్టి ఉంచానని, వాళ్ళ కొండల్లో ఈరోజు ఏం చేస్తారో, తను ఏం కోరుతున్నాడో నేల చూస్తూ చెప్పాడు. సుభద్రమ్మ నవ్వు ఆగిపోయింది.

"సునందతో పెట్టించుకో అప్పా."

"ఆ యమ్మ నాకన్నా చిన్నది. పెద్దోళ్ళే పెట్టల్ల."

"నా సెయ్యి పనికిరాదు. తెలిసి తెలిసి అడుగుతాండావా?"

"మా అమ్మ సెయ్యి గూడా అట్లాంటిదే. నా చిన్నప్పుడే మా నాయన పోయినాడు. అప్పట్నుంచి నాకు ఆమే పెట్టింది. ఏం తక్కువైంది నాకు?"

"తక్కువ గాకుంటే ఊరుగాని ఊళ్ళో నూడుల్స్ బండికాడ ఏంటికుంటివి?"

ఆ మాటకు అతనికి నవ్వు వచ్చింది. ఆమె మాత్రం నవ్వకుండా లేచి, మోకాళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ అడగలేదు. గుంత గట్టు మీద ఆమె కూచున్నచోట దుమ్ము చెదిరి ఉంది. అతను మూటలు మొయ్యడానికి లేచాడు.

ఆటోలో సామాన్లు పట్టడానికి చాలాసేపు పట్టింది. కుమారస్వామి తాడు లాగి కట్టాడు. తామున్నదీ అద్దె ఇల్లే కాబట్టి, యజమాని ముందుభాగం ఎవరికిచ్చినా వెనకగది జోలికి రారని టేక్ బహదూర్‌కు ఇంకోసారి చెప్పాడు. సునంద, అన్నా పోయొస్తాం, ఆరోగ్యం చూసుకో అంది. ఎదురుగా మంచి శకునం రావాలని పక్కింటి ముత్తయిదువను చెంబుతో నిలబెట్టారు. సుభద్రమ్మ అందరికన్నా ముందే ఎక్కి మూటల మధ్య ఒదిగి కూచుంది. ఆటో స్టార్టయింది.

"ఆపప్పా," అంది ఆమె. "లోపల ఒగటి మర్సినా."

కుమారస్వామి విసుక్కున్నాడు. బయల్దేరినాక వెనక్కి దిగితే ఎట్లా అని సునంద గొణిగింది. సుభద్రమ్మ దిగి, సందులోంచి వెనక్కి వచ్చి, టేక్ బహదూర్ గది ముందు నిలబడింది.

"యాడ పెట్టినావు ఆ పళ్ళెం?"

అతను పళ్ళెం తెచ్చి ఆమె చేతికిచ్చి, గడప మీద కూచున్నాడు. ఆమె పళ్ళెం దగ్గరగా తెచ్చుకుని కుంకుమ బియ్యాన్ని చూసింది. తర్వాత ఉంగరపు వేలితో కొంచెం తీసింది. చాలదనుకుని మూడు వేళ్ళతో ముద్దగా తీసింది. అతని నుదుటి మీద గట్టిగా అదిమింది. పెరుగు జారి ముక్కు మీదికి వచ్చింది. దీవెన మాటలు ఆమెకు తెలియవు. తెలిసినవే అంది.

"సల్లగుండు నాయనా. యాళకు ఇంత తిను. నూనె పొగ మింగకు."

అతను మగ్గం గుంతలోంచి మూకుడు తెచ్చి పడితే, ఆమె అంచు పట్టుకుని రెండు మొలకలు తుంచి, ఎక్కడ పెట్టాలని అడిగి, అతని చెవిమీద పెట్టింది.

"ఇవి నేను సల్లిన జొన్నలని తెలుసునా నీకు?"

"ఆకు విచ్చుకున్న పొద్దే తెలుసు."

"మరి అనకపోతివే."

"అనింటే పెరికేసి ఉంటివి గదమ్మా."

అంతవరకూ ఆమెను అతను అవ్వా అనే పిలిచేవాడు. ఆమె ఆ తేడా విన్నదో లేదో తెలియదు. ఎర్రబడిన వేళ్ళను కొంగుకు తుడుచుకోబోయి, ఆగి, గుప్పిట మూసుకుని ఆటో వైపు నడిచింది. ఆటో వీధి మలుపు తిరిగేదాకా ఆ గుప్పిట ఆమె ఒళ్ళో మూసే ఉంది.

సాయంత్రం బస్టాండు దగ్గర బండి మీద పొయ్యి వెలిగించారు. దసరా రాత్రి కర్రల సమరానికి దేవరగట్టుకు పోయే లారీలు కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళతో వరసగా దాటిపోతున్నాయి. బొట్టు ఎండి, పెళ్ళలుగా లేచి, ఒకటి రెండు గింజలు కడాయి పక్కన రాలాయి. నూడుల్స్‌కు వచ్చినవాళ్ళు నీకేమైనా దేవుడు పట్టినాడా టేకప్పా అని ఆటపట్టించారు. టేక్ బహదూర్ నవ్వుతూ గరిటె తిప్పాడు. శివకుమార్ దగ్గరికి వచ్చి ఎవరు పెట్టారని అడిగాడు.

"మా అమ్మ."

అతని తల్లి పోయిన సంగతి శివకుమార్‌కు తెలుసు. అప్పుడు ఊరికి టికెట్టు తీసిచ్చింది తనే. ఒక క్షణం ఆ నుదుటివైపు చూశాడు. ఎండిన బొట్టు చెమటకు కారిపోకుండా టేబుల్ ఫ్యాను అతనివైపు తిప్పిపెట్టి, తనూ దేవరగట్టుకు పోవాలి కాబట్టి ఇవాళ తొందరగా కట్టేద్దామన్నాడు.

ఇంటికి వచ్చేసరికి వీధిదీపాలు వెలిగి చాలాసేపైంది. ముందుగది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి వెళ్ళాడు. నూలు వాసన, గంజి వాసన అలాగే ఉన్నాయి. మగ్గం గుంతలోకి కాళ్ళు జారవిడిచి గట్టు మీద కూచున్నాడు. ఆదోనిలో ఈపాటికి రైలు కదిలి ఉంటుంది. ఆమె కళ్ళు మూసుకుని, చక్రాల చప్పుడులో రాట్నం దొరుకుతుందేమోనని వెతుకుతూ ఉంటుందని అనుకున్నాడు. దొరకవచ్చు, రైలు చక్రమూ చక్రమే కదా.

చెంబుతో నీళ్ళు తెచ్చాడు. మధ్యాహ్నం మూకుడును గుంతలో తిరిగి పెట్టి, గుడ్డ కప్పడం మరిచిపోయాడు. కండెలు నానే ఆ మూకుడులో, అంచుకు ఆరిపోయిన వేలి ఎరుపు పక్కన, మిగిలిన జొన్న మొలకలన్నీ తలుపు సందులోంచి వస్తున్న వెలుగువైపు వంగి ఉన్నాయి.