ఎర్ర గొట్టం

ప్లాస్టర్ గుండెకి కుడివైపు గదులు రెండూ నీలం పూసి, ఎడమవైపు గదులకి ఎరుపు కలుపుతుంటే రంగులాయన ఛాతీ మీద మళ్ళీ ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. బడిపిల్లలు చూసి నేర్చుకునే గుండె బొమ్మలకి రంగులెయ్యడం ఆయన ఉద్యోగం. చేతిలో గుండె మీద ఉన్న శ్రద్ధ సొంత గుండె మీద ఏనాడూ లేదు. గ్యాసే అనుకుని, కవాటాలకి తెలుపు దిద్దాడు.

భోజనం తెచ్చిన భార్య ఆయన మొహం చూసింది. ఇక ఆయన మాట చెల్లలేదు. రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయింది.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, బల్ల మీదున్న గుండె బొమ్మ అందుకున్నాడు.

"ఒళ్ళంతా తిరిగిన చెడురక్తం ఈ కుడిపక్కకొస్తుంది. ఇక్కణ్ణుంచి ఊపిరితిత్తులకెళ్ళి, శుభ్రపడి, ఎడమపక్కకి చేరుతుంది. ఎడమపక్క కండ దాన్ని మళ్ళీ ఒళ్ళంతా తోస్తుంది. మీకు ఆ తోసే కండకే రక్తం సరిగ్గా అందట్లేదు. అన్నట్టు, ఊపిరితిత్తులకెళ్ళే ఈ గొట్టం నీలంగా ఉండాలి. ఏ మహానుభావుడో ఎర్రగా పూశాడు. మీరు పట్టించుకోకండి."

పట్టించుకోకుండా ఎలా? బొమ్మ అడుగున నల్లచుక్క కనబడింది. అది ఆయన గుర్తే. పనికి కొత్తలో, గుండెలోంచి బయటికెళ్ళే గొట్టాలన్నిటికీ ఎరుపే అనుకుని పూసేసిన రోజులవి. రంగులాయనకి తల కొట్టేసినట్టయింది.

"ఇవాళే చేరాలి. ఇంటికెళ్తే ప్రమాదం," అన్నాడు డాక్టరు.

"చేరతాను బాబూ. ఇదీ నాతో చేరాలి."

"ప్రాణం మీదికొచ్చిందంటుంటే బొమ్మ గొడవేంటండీ!" భార్య నెత్తి కొట్టుకుంది.

"ఇన్నేళ్ళూ ఎంతమందికి తప్పు చూపించానో ఏమో! నీలం డబ్బా పట్రావే."

పెళ్ళయిన నాటినుంచీ ఆ రంగు వాసనంటే ఆవిడకి ఒళ్ళుమంట. అయినా తిట్టుకుంటూ తెచ్చింది. ఆపరేషను మర్నాడు. ఒక చేతికి సెలైన్ సూది ఉండగానే, నాలిక కొస బయటపెట్టి, ఆయన గొట్టమంతా నీలం చేశాడు. "చూడు, ఇప్పుడెవడూ వేలెత్తి చూపలేడు," అని నవ్వి, కాసేపు పడుకుంటానన్నాడు. మళ్ళీ లేవలేదు.

డాక్టరు పరుగున వచ్చి చెయ్యగలిగిందంతా చేశాడు. ఆ తర్వాత బొమ్మని ఆవిడకే ఇచ్చేద్దామని దానివైపు చెయ్యి చాచాడు.

ఏడుస్తున్నావిడ గబుక్కున అడ్డం వచ్చింది.

"ముట్టుకోకండి బాబూ! రంగింకా ఆరలేదు."

కిటికీ గట్టు మీద, గది నిండా వాసన కొడుతూ, గుండె ఆరుతోంది.