తలకిందులైన గోధుమ బీరు

నేను గ్లాసునే గానీ, మంచినీళ్ల కోసం పుట్టినదాన్ని కాను. అడుగున సన్నగా మొదలై, పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుని, జానెడుకు కాస్త ఎక్కువ పొడవుంటాను. గోధుమ బీరు నురుగు నిలవాలంటే ఈ ఆకారమే కావాలట. ఫిరోజాబాద్ కొలిమిలో నన్ను ఊదినవాడికి ఆ సంగతి తెలియదు. పూలు పెట్టుకునేదేమో అనుకున్నాడు.

నా పుట్టుకకు కారణం ఒక మోజు. హైదరాబాద్ పబ్బుల్లో కుర్రకారు ఉన్నట్టుండి గోధుమ బీరు మీద పడ్డారు. పెద్ద కంపెనీలకు నిద్ర పట్టలేదు. ఒక కంపెనీ ఆదరాబాదరాగా సీసా దించింది. లేబుల్ మీద గోధుమ కంకులు, పక్కన నారింజ తొన. కేసుకో గ్లాసు ఉచితం. అలా నేను హనుమకొండలో కొమురెల్లి నడిపే బార్‌కి చేరాను.

మొదటిసారి ఆ బీరు నాలో పోసినప్పుడు ఎంతో ఆశపడ్డాను. నురుగు బల్ల చేరేలోపే చచ్చిపోయింది. వాసన మాత్రం ఘనంగా ఉంది, అచ్చం బడి ముందు అమ్మే నారింజ బిళ్ళల్లా. గోధుమలు ఉన్నాయా అంటే ఉన్నాయి, లేబుల్ మీద. దాని వెనకే ఇంకో రెండు కంపెనీలవి వచ్చాయి. ఒకదానిలో ధనియాల ఎసెన్సు, మరోదానిలో అరటిపండు ఎసెన్సు. వాటిని తిట్టడానికి నాకు మనసు రాదు. పులిసే వ్యవధి కూడా ఇవ్వకుండా, ఎండలు ముదరకముందే లారీ ఎక్కించిన పిల్లలవి. వాటి తప్పేముంది?

కొమురెల్లి గిరాకీలు వాటిని ఒక్కసారి తాగి మళ్లీ స్ట్రాంగు బీరుకే వెళ్లిపోయారు. నేను అల్మారా ఎక్కాను. అక్కడినుంచి నన్ను దించినవాడు సారంగపాణి. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. రోజూ సాయంత్రం స్నేహితుడు యాకయ్యతో వస్తాడు. బీరులో కంపెనీవాళ్లు గ్లిజరిన్ కలుపుతారని, అది తీయకుండా తాగితే పేగులు పాడవుతాయని ఆయనకు గట్టి నమ్మకం. దానికో పద్ధతి ఉంది. గ్లాసునిండా నీళ్లు పోయాలి. మూత తీసిన సీసా మూతికి బొటనవేలు అడ్డంపెట్టి, తలకిందులుగా నీళ్లలో ముంచి, వేలు తీయాలి. సన్నటి తీగలాంటిదేదో నీళ్లలోకి జారుతుంది. అదే గ్లిజరిన్!

నిజానికి అది నీళ్లకన్నా బరువైన బీరు, కిందికి దిగుతోంది, అంతే. కానీ నన్నెవరూ అడగలేదు. సీసా మెడ నాలో కుదురుగా కూర్చుంటుంది కాబట్టి నేను ఆ బార్‌లో గ్లిజరిన్ గ్లాసునయ్యాను. ఉద్యోగం చిన్నదే గానీ గౌరవం ఉండేది. నన్ను ఇంకెవరైనా ముట్టుకుంటే సారంగపాణి ఊరుకునేవాడు కాదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం వైజయంతి ఒక కేసు బీరుతో వచ్చింది. ఊరి బయట బీరు ఫ్యాక్టరీలో బీరు తయారు చేయించే మనిషి. వాళ్ల కంపెనీ కూడా మోజు వెంటపడి గోధుమ బీరు చేయమంది. ఆమె మాత్రం తొందరపడలేదు. కుదరని తొట్లు పారబోయించింది. చివరికి తనకు నచ్చినట్టు కుదిరింది. సీసా అడుగున తెల్లటి పొర ఉన్న, ఎసెన్సు లేని బీరు. బార్లు దాన్ని తిప్పి పంపాయి. సేల్స్ మేనేజరు ఆఖరి మాట చెప్పేశాడు. ఈ ఒక్క బార్‌లోనైనా అమ్ముడైతే సరే, లేదంటే మొత్తం వడకట్టి, నారింజ ఎసెన్సు కలిపి పంపేస్తాడు.

కొమురెల్లి సీసా తీసి ట్యూబులైటుకు అడ్డంగా పెట్టి చూశాడు.

"మేడమ్, మడ్డి దిగింది సూడుండ్రి. ఖరాబైన సరుకిది. నా గిరాకీలు గీ సీసతోనే నన్ను కొడ్తరు."

"మడ్డి కాదన్నా, బీరును పులియబెట్టే ఈస్ట్. రుచంతా దాంట్లోనే ఉంది. కాస్త కదిపి పోస్తే చాలు."

"బీరును కదిపితే పొంగదా? గంత సదివిన్రు, గది తెల్వదా?"

పక్క బల్ల నుంచి సారంగపాణి చేయి చాపాడు.

"ఏందే కొమురెల్లీ, ఆడబిడ్డను గట్ల మాట్లాడ్తవ్? తే ఇటు. గ్లిజరిన్ తీసి సూద్దాం."

వైజయంతి ఏదో అనబోయేలోపే సీసా తలకిందులైంది. మెడ నాలోకి దిగింది. వేలు తీశాడు.

అప్పుడు జరిగినది నా జన్మలో చూడలేదు. అడుగున పట్టి ఉన్న తెల్లపొర మొత్తం కదిలింది. సీసా అంతా మసకబారింది. అందులో కొంత నాలోకి మబ్బులా దిగింది. నా నీళ్లు పాలవిరుగుడులా అయిపోయాయి.

"అరే యాకయ్యా!" సారంగపాణి కుర్చీలోంచి లేచాడు. "గిటు సూడు! ఎంత గ్లిజరిన్ పోతున్నదో!"

"గింత ఎన్నడన్న పోయిందానే? ఇన్నేండ్లు ఇదంత మన కడుపులకే పోయిందన్నట్టు!"

"అది గ్లిజరిన్ కాదండీ..." అంది వైజయంతి.

"కంపెనీల పనిచేసేటోళ్లు గట్లనే చెప్పాలె బిడ్డా. మేం ఎవ్వలికీ చెప్పం తియ్," అని సారంగపాణి ఓదార్చాడు.

సీసాను తలకిందులు చేయడంతో ఈస్ట్ బీరంతటా కలిసిపోయింది. ఆ బీరును తాగాల్సిన పద్ధతి సరిగ్గా అదే. ఇద్దరూ వేరే గ్లాసుల్లో పోసుకుని గుక్క తీసుకున్నారు. వైజయంతి చేతులు కట్టుకుని నిలబడింది.

"అంబలి లెక్క మెత్తగ దిగుతున్నది," అన్నాడు సారంగపాణి మూతి తుడుచుకుంటూ. "లవంగం వాసనొస్తున్నదేందే?"

"ఇంకోటి తెప్పియ్యి, చెప్త," అన్నాడు యాకయ్య.

కేసు ఖాళీ అవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. గ్లిజరిన్ మొత్తం బయటికి పోయే నిజాయితీ గల బీరు వచ్చిందని ఊళ్లో పాకిపోయింది. జనం వచ్చి నా చుట్టూ మూగేవారు.

కథ అక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కానీ అమ్మకాలు చూసిన సేల్స్ మేనేజరుకు కొత్త ఆలోచన వచ్చింది. బీరు నచ్చింది కదా, తెల్లపొర తీసేస్తే ఇంకా నచ్చుతుంది! వైజయంతి వద్దన్నా వినలేదు. వడకట్టించాడు. తళతళలాడే సీసాలతో స్వయంగా బార్‌కి వచ్చాడు. వెనకే వైజయంతి.

సారంగపాణి సీసా ముంచాడు. వేలు తీశాడు. సన్నటి తీగ ఒకటి దిగి ఆగిపోయింది.

"గ్లిజరిన్ ఏది?" అన్నాడు సారంగపాణి.

"ఇందులో లేదు సార్, క్లియర్‌గా చేశాం," అన్నాడు మేనేజరు గర్వంగా.

"లేకుండ ఎట్లుంటది? బయిటికి రాలేదంటే లోపల్నే ఉన్నట్టు! మోసం!"

ఓ గుక్క తాగి యాకయ్య ముఖం చిట్లించాడు. "పాణం తీసేసిన్రు దీంట్ల."

ఆ సాయంత్రం ఆ సీసాలను ఇంకెవరూ ముట్టలేదు. కొమురెల్లి కేసులు లారీ దగ్గరికి మోయించేశాడు. "పాతది తెస్తె తెండ్రి సారూ. లేదంటే తిప్పలు పడకుండ్రి."

మేనేజరు వైజయంతి వైపు చూశాడు. ఆమె గెలిచినట్టు నవ్వలేదు. "ఫిల్టరు ఆపమని ఫోన్ చెయ్యండి," అంది. అంతే. ఆయన బయటికి వెళ్లి ఫోన్ చేసి వచ్చాడు. తొట్లలో మిగిలిన బీరు బతికింది.

కొమురెల్లికి జాలేసిందేమో, ఫ్రిజ్ లోపల మిగిలిన ఒక్క పాత సీసా తెచ్చి మేనేజరు ముందు పెట్టాడు. వైజయంతి ఓపెనరు అందించి, దాన్ని ఎలా కదిపి పోయాలో ఓపికగా వివరించింది. ఆయన బుద్ధిగా తలూపాడు. అంతలో ఆమెకు ఫోన్ వచ్చి పక్కకు తిరిగింది.

ఆయన అటూ ఇటూ చూశాడు. మెల్లిగా నన్ను దగ్గరికి లాక్కున్నాడు. సీసా మూతికి బొటనవేలు అడ్డంపెట్టి తలకిందులు చేశాడు. నాలోకి తెల్లటి మబ్బు దిగింది.

"అమ్మయ్య, పోయింది," అన్నాడు ఎంబీఏ చదివిన ఆ మనిషి, తనలో తను.