పొట్టు కూరిన గోడలు

కుక్క తొమ్మిది కోళ్లలో నాలుగింటిని చంపింది. తిన్నది ఒక్కదాన్నే. మిగతా మూడింటినీ మెడలు కొరికి అక్కడొకటి ఇక్కడొకటి పారేసి పోయింది. పొద్దున్నే తల్లి పెరటి తలుపు తీసేసరికి నీళ్ల తొట్టి పక్కన ఒకటి ఇంకా కాళ్లు తన్నుకుంటూనే ఉంది. ఆవిడ దాని మెడ తిప్పేసి, చేతులు కడుక్కుని, ఇద్దరు కొడుకుల్నీ లేపింది.

“గట్టి గూడు ఒకటి కావాలి. ఎవరు కడతారో మీరే తేల్చుకోండి” అంది.

తేల్చుకోమనడమే ఆవిడ చేసిన పొరపాటు. పెద్దాడు వడ్రంగి, చిన్నాడు వెల్డరు. ఇద్దరికీ నలభై దాటినా ఇంట్లో ఆ పిలుపులే. పెద్దాడికి పెళ్లయింది, చిన్నాడు చేసుకోలేదు. చెక్క అంటే చిన్నాడి లెక్కలో పొయ్యిలో పెట్టేది. ఇనుము అంటే పెద్దాడి లెక్కలో తుప్పు పట్టేది. ఒకే పొయ్యి మీద వండింది తింటూ ఈ ఒక్క విషయంలో ఇరవై ఏళ్లుగా ఉప్పూ నిప్పూగా ఉన్నారు.

పెద్దాడికి ఆ గూడు కోళ్ల కోసం కాదు. తొమ్మిది నెలల కిందట వర్క్‌షాపులో మెషీను రంపం అతని కుడిచేతి మీదుగా పోయింది. వేళ్లు ఊడిపోలేదు, కుట్టారు. కానీ రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం మానేశాయి. అప్పటి నుంచి అతని బల్ల దగ్గర ఇంకొకడు నిలబడుతున్నాడు. పోయిన వారం షాపు యజమాని దగ్గరికి వెళ్లి అడిగితే ఆయన ఒక మాట అన్నాడు. నీ ఒక్కడి చేత్తో ఏదైనా ఒకటి చెయ్యి, మేకు కొట్టకుండా చెయ్యి, ఆదివారం వచ్చి మూలలు చూస్తాను, అవి నిలబడితే నీ బల్ల నీకిస్తాను అన్నాడు. ఈ సంగతి పెద్దాడు భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటు లేని మనిషి.

కోళ్లు చచ్చిన సోమవారమే పలకలు తెచ్చి పెరట్లో కోత మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి చిన్నాడు నాలుగు ఇనప యాంగిళ్లు భుజాన వేసుకొచ్చి ధనామని పడేశాడు. అన్న కోస్తున్న పలక మీద కాలు పెట్టాడు.

“దీన్ని కుక్క పళ్లు తోముకోవడానికి వాడుకుంటుంది. లే” అన్నాడు.

పెద్దాడు పలక లాగాడు. చిన్నాడు వెల్లకిలా పడ్డాడు. లేస్తూనే ఆ పలక ఎత్తి గోడకేసి కొట్టి రెండు ముక్కలు చేశాడు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని ముందు పట్టుకున్నారో చూసినవాళ్లకూ తెలియదు. నీళ్ల తొట్టి దొర్లింది. చిన్నాడి పెదవి చిట్లింది. పెద్దాడి చొక్కా వీపు మీద నిలువునా చిరిగింది. తల్లి గిన్నెలు కడిగిన నీళ్లు ఇద్దరి మీదా కుమ్మరించి, చీపురు తిరగేసి, ఎవరి తల దొరికితే ఆ తల మీద వాయించింది. పెద్దాడి భార్య వచ్చి మొగుణ్ణి జబ్బ పట్టుకుని అవతలికి లాగింది.

“కట్టుకో. కూలినప్పుడు నేను నవ్వుతాను” అన్నాడు చిన్నాడు, నెత్తురు ఉమ్మేసి. ఇక అన్నతో మాట్లాడలేదు. కూర గిన్నె కావాలన్నా వదిన ద్వారానే అడిగాడు.

మొదటి రోజు పెద్దాడు ఉలిని గుడ్డపీలికతో అరచేతికి కట్టుకుని పని చేశాడు. ఉలి జారి ఎడమచేతి బొటనవేలు చీరుకుంది. మూడో రోజుకి గుడ్డ తీసేశాడు. ఒక చెక్కను కొస దగ్గర నాలుకలా కోసి, రెండో చెక్కలో దానికి సరిగ్గా సరిపోయే బెజ్జం తొలిచి, సుత్తితో బిగించేవాడు. బిగించాక కాలితో తన్ని చూసేవాడు. కదిలితే ఊడదీసి మళ్లీ చేసేవాడు. ఒక మూల అలా ఐదుసార్లు చేశాడు.

గోడలకు రెండేసి పలకలు వేశాడు. ఆ రెంటి మధ్య ఉన్న సందులో చిత్రిక పట్టగా రాలిన పొట్టంతా కూరి పైన చెక్కతో మూసేశాడు. మిట్టమధ్యాహ్నం ఎండ లోపలికి దిగకుండా ఇది అతను సొంతంగా ఆలోచించిన ఉపాయం. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

గురువారం కోళ్లు గూట్లోకి వెళ్లాయి. శుక్రవారం పట్టపగలే ఆ కుక్క మళ్లీ వచ్చింది. ముందు కాళ్లతో తలుపు గీరింది. తల్లి రాయి విసిరితే కుంటుకుంటూ పోయింది గానీ, గూడు ఊగినట్టు ఆవిడ కంటికి కనిపించింది. అన్నానికి వచ్చిన చిన్నాడికి ఆ మాట చెప్పింది. పెద్దాడు తలుపు బందులు కొనడానికి బజారుకు వెళ్లి ఉన్నాడు.

చిన్నాడు గూడు చుట్టూ తిరిగి చూశాడు. చెయ్యి బాగాలేనివాడు కట్టింది ఎన్నాళ్లుంటుంది అనుకున్నాడు. నాలుగు మూలలకూ నాలుగు యాంగిళ్లు నిలబెట్టి చుట్టూ ఇనప పట్టీ బిగిస్తే ఏనుగు వచ్చినా కదలదు.

“వాడొచ్చాక చెయ్యరా” అంది తల్లి.

“వాడొస్తే చెయ్యనిస్తాడా?”

చిన్నాడు పని తెలియనివాడు కాదు. ముందు గూటి చుట్టూ ఊడ్చాడు. రెండు బకెట్ల నీళ్లు నేల మీద చల్లాడు. పలకల మీద తడి గోనెలు కప్పాడు. తలుపు తెరుచుకోకుండా దాని మీదుగానే ఒక పట్టీని రెండు యాంగిళ్లకూ తాత్కాలికంగా అతికించాడు. వెల్డింగ్ రవ్వలు ఎగురుతుండగా రెండు మూలలయ్యాయి. మూడో మూల దగ్గర పలకల సందులోంచి సన్నగా పొగ వచ్చింది.

నీళ్లు కొట్టాడు. నీళ్లు పలక పైనుంచి జారిపోయాయి. మంట లోపలుంది. గోడ లోపలే ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకిపోతూ ఉంది. కోళ్ల అరుపు మారిపోయింది. తలుపు లాగితే తను అతికించిన పట్టీ అడ్డం. కాలితో తన్నాడు. భుజంతో గుద్దాడు. ఆ గూడు ఊడలేదు. అన్న కట్టిన మూలలు ఒక్కటి కూడా ఊడలేదు.

వీధి మొగలో పొగ చూసి పెద్దాడు పరిగెత్తుకొచ్చాడు. బందుల పొట్లం ఎక్కడ పారేశాడో అతనికే తెలియదు. చెక్కసుత్తి అందుకుని, నాలుగు రోజులు కష్టపడి పేర్చిన వెనక పలకల్ని ఆరు దెబ్బల్లో పగలగొట్టాడు. రెండు కోళ్లు బయటికి దూకాయి. మూడోది మండుతూ వచ్చి, పెరడంతా తిరిగి, గోడకు కొట్టుకుని పడిపోయింది. మిగతా రెండూ రాలేదు. కాలిన ఈకల కంపుకి తల్లి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“గోడలో ఏం కూరావురా? మనిషన్నవాడు గోడలో పొట్టు పెడతాడా?” అని చిన్నాడు అరిచాడు.

పెద్దాడు సుత్తి ఎత్తాడు. చిన్నాడు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుడిచెయ్యి. మణికట్టు విరిగిన చప్పుడు పొడి పుల్ల విరిచినట్టు వినిపించింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. చిన్నాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మూడోది పడేదే, తల్లి మధ్యలోకి వచ్చింది. అతను సుత్తిని గాల్లోనే ఆపాడు. ఆపి, దాని పిడి వైపు చూశాడు. ఐదు వేళ్లూ దాని చుట్టూ ముడుచుకుని ఉన్నాయి.

ఆసుపత్రిలో చిన్నాడి మణికట్టుకి కట్టు వేసి, మూడు నెలలు వెల్డింగ్ హోల్డరు పట్టుకోకూడదన్నారు. అక్కడి బల్ల మీద కూర్చున్నప్పుడు వదిన అతనికి ఆదివారం సంగతంతా చెప్పింది. “ముందే చెప్పి ఏడవొచ్చుగా వాడు” అన్నాడు చిన్నాడు.

ఆదివారం పదింటికి యజమాని వచ్చాడు. గూడు ఒక పక్క పూర్తిగా బొగ్గయింది. ఇనప పట్టీ వంకరపోయి వేలాడుతోంది. ఆయన గూటి పక్కన కూర్చుని, చాకుతో మసి గీకి, మిగిలిన మూలల్ని ఒక్కొక్కటే చూశాడు. లేచి బూటుకాలితో గట్టిగా తన్నాడు. కదల్లేదు. సుత్తి ఇచ్చి పట్టుకోమన్నాడు. పెద్దాడి చేతిలోంచి దాన్ని రెండు చేతులా లాగినా రాలేదు.

“కాలినా ఊడలేదయ్యా. రేపు పొద్దున వచ్చేయ్” అన్నాడు.

పెద్దాడి భార్య గుమ్మంలో నిలబడి ఊపిరి వదిలింది. యజమాని వెళ్లబోతూ, మెట్టు మీద కట్టుతో కూర్చున్న చిన్నాణ్ణి చూసి ఏమైందని అడిగాడు. యాంగిల్ జారి చేతి మీద పడిందని చిన్నాడు చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే చూశాడు. ఆయన జాలిపడి, జాగ్రత్తగా ఉండమని చెప్పి, గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

“అది నేను కొట్టాను” అన్నాడు పెద్దాడు.

యజమాని వెనక్కి తిరిగాడు. “దేంతో?”

“సుత్తితో. ఈ చేత్తోనే.”

“ఎన్ని దెబ్బలు?”

“రెండు. మూడోదానికి మా అమ్మ అడ్డొచ్చింది.”

ఆయన గేటు గడియ వదిలాడు. తర్వాత మెల్లగా అన్నాడు. “నా దగ్గర పదకొండు మంది ఉన్నారు. పదకొండు మంది చేతుల్లోనూ ఉలి ఉంటుంది. ఎవడో ఒకడు నీ పలక పాడు చేస్తాడు. నీ చెయ్యి బాగుపడింది. నిన్ను మాత్రం పెట్టుకోలేను.”

గేటు మూసుకుంది. తల్లి మిగిలిన రెండు కోళ్లనూ చంకల్లో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

చిన్నాడు మెట్టు దిగి వచ్చాడు. ఎడమచేత్తో అన్న చెంప మీద కొట్టాడు. అలవాటు లేని చెయ్యి కావడంతో దెబ్బ చెవి మీద పడింది. సరిగ్గా చూసుకుని మళ్లీ కొట్టాడు.

“చెయ్యి విరగ్గొట్టించుకుని మరీ నీ కోసం అబద్ధం ఆడానురా. నోరు మూసుకుని ఉండటం నీకొచ్చిన ఒకే ఒక్క విద్య. అదీ ఇవాళే మర్చిపోయావా? రేపటి నుంచి ఈ ఇంట్లో ఎవడు పనికి పోతాడు, చెప్పు.”

పెద్దాడు చెయ్యి ఎత్తలేదు, వెనక్కీ జరగలేదు. పెదవి చివర కారుతున్న నెత్తురు నాలుకతో తుడుచుకున్నాడు.

“గోడలో పొట్టుందని నీకు చెప్పాల్సింది” అన్నాడు.

చిన్నాడు మూడోది కూడా కొట్టాడు.