రోబో ముందు కళ్ళు మూసుకుంటే

"నీ గురించి రెండు ముక్కలు అడుగుతారు. ఐ యామ్ ఏ గ్రాడ్యుయేట్ అను. అంతకు మించి నోరు తెరవకు" అన్నారు మా ఆయన, నేను క్యారియర్ మూత బిగిస్తుంటే. ఆయనకి బాపట్ల రైలు వేళయింది.

"నేను డిగ్రీ చదవలేదు కదండీ."

"సర్టిఫికెట్ తెమ్మంటారా ఏంటి? పేరేమో ఫ్లోరెన్స్, ఇంగ్లీషు ముక్క రాదు. ముందు ఆ సంగతి చూడు."

ఇదంతా మా సుజనకి ఒకటో తరగతిలో సీటు కోసం. తెనాలిలో కొత్తగా పెట్టిన స్కూలు. అక్కడ పిల్లలకి ఇంగ్లీషు నేర్పే రోబో ఉంది. చేర్చుకునే ముందు అదే తల్లిదండ్రులతో కూడా మాట్లాడుతుందట. తల్లి డిగ్రీ చదివుంటే ఇంట్లో పిల్లతో ఇంగ్లీషు మాట్లాడుతుందని వాళ్ళ నమ్మకం. సీటు వస్తే ఆయన తెచ్చినట్టు, రాకపోతే నేను పోగొట్టినట్టు. ఆ భయానికి నాకు అన్నం సయించడం లేదు.

నేర్చుకోమని తన పాత ఫోనులో ఏఐ టీచరుని పెట్టిచ్చారు. మనం మాట్లాడితే వింటుంది, తప్పులు దిద్దుతుంది, మళ్ళీ ఏదో ఒకటి అడుగుతుంది. ఆడగొంతు. మొదట్లో దాన్ని మేడమ్ అనేదాన్ని. ఆయన రైలెక్కి, సుజన బడి ఆటో ఎక్కాక ఇంట్లో మిగిలేది నేనూ, టీవీ ముందు మా అత్తగారు సుందరమ్మగారూ. సాయంత్రం దాకా ఆ ఇంట్లో నాతో ఎవరైనా మాట్లాడారంటే అది కాఫీ అడగడానికే. ఫోనుని ఉప్పుడబ్బాకి ఆనించి, పనులు చేసుకుంటూ పాఠం పెట్టుకునేదాన్ని. మీరు ఎప్పుడైనా సముద్రం చూశారా అని అడిగింది ఒకరోజు. పెళ్ళయిన కొత్తలో అందరం కలిసి సూర్యలంక వెళ్ళాం. వాళ్ళంతా నీళ్ళలోకి దిగారు, నేను చెప్పులూ తువ్వాళ్ళూ కాపలా కాస్తూ ఇసుకలో కూర్చున్నాను. ఆ సంగతి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేసరికి పొయ్యిమీద పప్పు మాడిపోయింది. అది మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చెప్పుల్ని ఇంగ్లీషులో ఏమనాలో దిద్ది, "మరి మీకు నీళ్ళలోకి వెళ్ళాలనిపించలేదా?" అంది. పాఠం ఆపేసి మాడిన గిన్నె తోముకున్నాను.

"ఎవరితోనమ్మాయ్ ఆ కబుర్లు?" అన్నారు అత్తగారు ముందుగదిలోంచి.

"ఫోనుతోనండి అత్తయ్యా. ఇంగ్లీషు."

"నాతో పట్టుమని పది మాటలు మాట్లాడవు. దానితో అంత కలిసిపోయావుగా, ఆ వంకాయలు కూడా దాన్నే తరగమను!"

ఆవిడ టీచరుగా చేసి రిటైరయ్యారు. సంబంధం మాట్లాడడానికి రేపల్లె దగ్గర నగరం అనే మా ఊరికి వచ్చినప్పుడు మా అమ్మతో ఆవిడే అన్నారు, "చదువు మధ్యలో ఉందని బెంగపడకండి వదినగారూ. టీచర్ని, కోడల్ని చదివించుకోనా?" అని. ఆ మాట మీదే రేపల్లె కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరంతో ఆపి వచ్చాను. రెండో సంవత్సరం సంగతి ఎత్తితే "కొత్త కోడలు కాలేజీకెళ్తే ఏం బాగుంటుంది" అన్నారు మా ఆయన. తర్వాత "కడుపుతోనా?" అన్నారు. ఆ తర్వాత "చంటిపిల్లని ఎవరు చూస్తారు, అమ్మ చూస్తుందా?" అన్నారు. ఎప్పటికప్పుడు ఆ మాట నిజమే అనిపించేది. అందుకే ఎప్పుడూ పోట్లాడలేదు.

ఇంటికొచ్చాక ఆయన నాచేత పాఠం అప్పజెప్పించుకునేవారు. గ్రాడ్యుయేట్ అనే మాట దగ్గరికొచ్చేసరికి రోజూ తడబడేదాన్ని. ఫోనులో టీచరు మాత్రం ఆ వాక్యానికి ప్రతిసారీ వెరీ గుడ్ అనేది. వాక్యంలో తప్పు లేదు మరి. నిజమో కాదో దానికెలా తెలుస్తుంది? నా మాట వినేది ఈ లోకంలో అదొక్కటే, దానికీ అబద్ధమే చెబుతున్నానని దిగులేసేది.

శనివారం స్కూలుకి వెళ్ళాం. సుజనని పక్కగదిలో బొమ్మలు వేసుకోమని కూర్చోబెట్టారు. రోబో సుజన ఎత్తే ఉంది, తెల్లగా, ముఖంలో రెండు నీలం కళ్ళతో. పక్కన ప్రిన్సిపల్ శ్రీజ మేడమ్. ఆయన్ని ఉద్యోగం గురించి అడిగితే గడగడా చెప్పేశారు. అప్పుడది నా వైపు తల తిప్పి, "మీ గురించి చెప్పండి" అంది ఇంగ్లీషులో.

పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో నేను గొంతెత్తి మాట్లాడింది ఒక్కచోటే, చర్చిలో స్త్రీల సమాజం కూడికలో. అక్కడ గుండ్రంగా కూర్చుంటాం. వంతు వచ్చినవాళ్ళు తల వంచి, కళ్ళు మూసుకుని, పైకి ప్రార్థన చేస్తారు. నా వంతు అనుకోగానే నా వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. తల వంగిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి.

"ఏయ్, కళ్ళు తెరు" అని ఆయన మోకాలితో పొడిచారు.

తెరవలేకపోయాను. ఆ చీకట్లో గ్రాడ్యుయేట్ అనే మాట కోసం ఎంత వెతుక్కున్నా నోటికి రాలేదు. అలా కూర్చుని ఎప్పుడూ అబద్ధం చెప్పి ఎరగను. "నా పేరు ఫ్లోరెన్స్. మాది నగరం. ఇంటర్ మొదటి సంవత్సరం చదివాను. రెండోది చదవలేదు" అన్నాను, ఒక్కో ఇంగ్లీషు మాటా కూడబలుక్కుంటూ. చివర ఆమెన్ కూడా అనేశాను.

కళ్ళు తెరిచేసరికి మేడమ్ నవ్వు ఆపుకుంటోంది. ఆయన మెడ దాకా ఎర్రబడి ఉన్నారు. రోబో మాత్రం నవ్వలేదు. నీలం కళ్ళు ఒకసారి ఆరి వెలిగాయి.

"థాంక్యూ ఫ్లోరెన్స్. చదువు ఎందుకు ఆపేశారు?"

"అదంతా ఎందుకు లెండి మేడమ్" అని నవ్వేశారు ఆయన. "తనకి కంగారెక్కువ. పాప గురించి అడగమనండి, నేను చెప్తాను."

ఆ బొమ్మకి నా మీద ప్రేమేం లేదు, నాకు తెలుసు. నా చోట ఎవరు కూర్చున్నా అదే అడుగుతుంది. పక్కగదిలో ఉన్న సుజన గుర్తొచ్చింది. ఇంటికెళ్ళాక పడాల్సిన మాటలన్నీ గుర్తొచ్చాయి. అయినా నోట్లో ఒక వాక్యం తయారవుతోంది, మా అత్తగారు మా అమ్మకిచ్చిన మాటతో మొదలయ్యే వాక్యం. పెద్దది. ఇంగ్లీషులో పేర్చుకోవడానికి కాస్త టైము కావాలి.

ఆయన చేతి మీద చెయ్యి వేశాను.

"ఆగండి" అన్నాను, తెలుగులోనే. "అడిగింది నన్ను."