రోడ్డెక్కని గుర్రాలు

“రోడ్డు మీద ఎనిమిది వందల మీటర్లే కదా సవేతా! ఇలా కళ్ళు మూసి తెరిచేలోగా మైదానంలో ఉంటావు,” అన్నాడు భర్త తోదెర్, తాగిన కాఫీ కప్పు సింకులో పడేసి.

మూసి తెరవాల్సిన కళ్ళు నావి కదా, అనుకుంది సవేత ఆ కప్పు కడుగుతూ.

తెల్లారకముందే ఆవు పాలు పిండింది. అద్దెకొచ్చే అతిథుల గదుల్లో దుప్పట్లు మార్చింది. మొక్కజొన్న సంకటి కలియబెట్టి, జున్నూ మీగడా బల్ల మీద సర్దింది. ఇక నాలుగు గుర్రాల గిట్టలు శుభ్రం చేసి, జీనులు కట్టాలి. తోదెర్ పని ఫోను. “మా గుర్రాలు బంగారమండీ, మా ఆవిడ దగ్గరుండి తిప్పుతుంది,” అని సుచావా, యాష్ పట్నాల నించి వచ్చేవాళ్ళకి చెప్తుంటాడు. తను మాత్రం గుర్రమెక్కి ఆరేళ్ళయింది. నడుము నొప్పట. ఆమె నడుము సంగతి ఎప్పుడూ చర్చకి రాలేదు.

నిరుటిదాకా ఇంటి వెనక అడవి దారినే ఏటి ఒడ్డున ఉన్న మైదానానికి వెళ్ళేవాళ్ళు. ఈ వసంతంలో ఆ అడవి కొన్నాయన కంచె వేయించాడు. ఇక మిగిలింది పెద్ద రోడ్డే. కొండ మీంచి దుంగల లారీలు దిగే రోడ్డు. ఒక పక్క ఇనుప కమ్మీల అడ్డు, ఇంకో పక్క కాలువ. గుర్రం పక్కకి జరగాలంటే జానెడు చోటుండదు.

పోయిన ఆదివారం ముందు ఆదివారం, ఓ లారీవాడు సరదాకో ఏమో వెనకనించి హారన్ కొట్టాడు. సవేత ఎక్కిన గుర్రం మూర్గ అడ్డంగా ఎగిరింది. ఆమె మోకాలు కమ్మీకీ గుర్రానికీ మధ్య నలిగింది. లారీ గాలికి తలగుడ్డ ఎగిరిపోయింది. ఆ క్షణంలో ఆమెకి వచ్చిన ఆలోచన ఒక్కటే: దుప్పట్లు ఆరేసి వచ్చాను, వానొస్తే ఎవరు తీస్తారు? తర్వాత తలుచుకుంటే లారీకన్నా ఆ ఆలోచనే ఎక్కువ భయపెట్టింది. చావుకి కూడా తీరిక లేని బతుకా తనది!

“నువ్వు భయపడ్డావు, అది గుర్రానికి తెలిసిపోయింది,” అన్నాడు తోదెర్ ఆ సాయంత్రం. మర్నాడు లారీలవాళ్ళకి దూరంనించే కనబడేలా మెరిసే పసుపు కోట్లు నాలుగు తెచ్చాడు. అత్తగారు పరస్కీవ కుర్చీలోంచి కదలకుండా, “నేను చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆ రోడ్డు మీదే బండి తోలాను తల్లీ,” అంది. అప్పట్లో రోజు మొత్తానికి లారీలు రెండో మూడో. సవేత ఆ మాట అనలేదు. అనడానికి కూడా ఓపిక కావాలి.

ఇవాళ వచ్చింది యాష్ నించి కోర్నెలియా అనే మందుల షాపావిడ, పదకొండేళ్ళ కూతురు ఇలింకాతో. పసుపు కోటు ఆ పిల్లకి మోకాళ్ళదాకా వచ్చింది. ముగ్గురూ గుర్రాలెక్కి గేటు దగ్గరికి రాగానే ఎదురుగా దుంగల లారీ గర్జిస్తూ పోయింది. ఇలింకా రెండు చేతులా కళ్ళెం బిగబట్టింది.

“ఈ రోడ్డు మీద వెళ్ళొచ్చంటారా?” కోర్నెలియా సవేతని అడిగింది.

“ఫర్వాలేదండీ, వాటికి అలవాటే!” వరండాలోంచి తోదెర్ కేకేశాడు.

“నేను ఆవిణ్ణి అడిగానండీ,” అందామె తల తిప్పకుండానే.

ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో సవేతని అడిగినవి వంట అయిందా, పక్క వేశావా, గుర్రాలకి నీళ్ళు పెట్టావా. వెళ్ళొచ్చా అని ఎవరూ అడగలేదు. తనని తను కూడా అడగలేదు.

“వద్దండీ,” అంది. “నా కూతురైతే నేను తీసుకెళ్ళను.”

మూర్గ మీంచి దిగింది. మోకాలు కలుక్కుమంది. ఇలింకాని దింపింది.

తోదెర్ మెట్లు దిగి వచ్చాడు, మొహం ఎర్రబడి. “నలుగురిలో నా పరువు తీస్తావా? సరే, నేనే తీసుకెళ్తా!”

సవేత మూర్గ కళ్ళెం అతని చేతికిచ్చింది. అతను రికాబులో కాలు పెట్టబోయాడు. మలుపులో ఇంకో లారీ. మూర్గ చెవులు వెనక్కి వాల్చి బిగుసుకుపోయింది. తోదెర్ కాలు మళ్ళీ నేల మీదికొచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఇలింకాని పళ్ళతోటలోనే గంటసేపు తిప్పింది సవేత. పిల్లకి అంతే చాలు, దిగనంటే దిగనంది.

సాయంత్రం ఆమె మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని కూర్చుంది. తోదెర్ ఫోను చేత్తో పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు.

“శనివారం వచ్చేవాళ్ళకి రావద్దని చెప్తాను. గుర్రాలకి జబ్బు చేసిందందామా?”

“గుర్రాలు బానే ఉన్నాయి,” అంది సవేత. “సవేత వద్దందని చెప్పు.”