పదమూడో నంబరు బూట్లు

నా మొగుడి ఉద్యోగం బంతి ఆడటం. సిరిసిల్లలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. నిలబడితే మగ్గాల షెడ్డు వాసాలకు తల తగిలే మనిషి మార్కండేయులు. జగిత్యాల కాలేజీ గ్రౌండులో బాస్కెట్‌బాల్ నేర్చుకుని గల్ఫ్ చేరాడు. పిలిచిన క్లబ్బుకల్లా ఆడాడు. బహ్రెయిన్‌లో ఒక సీజను, దోహాలో రెండు, షార్జాలో సగం. మోకాలు వాస్తే పంపించేసేవారు, ఇంకొకరు పిలిచేవారు. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి. షార్జా నుంచి ఇంటికి వచ్చి ఉండగా మస్కట్ వాళ్లు పిలిచారు. శనివారం బొంబాయిలో విమానం ఎక్కకపోతే ఈ వయసులో మళ్లీ పిలిచే వెర్రివాడు ఉండడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

గల్ఫ్ మనిషి వచ్చాడంటే పెట్టె తెరిచేది వాకిట్లోనే. వచ్చినవాళ్లకు సబ్బో, సెంటో, లుంగీయో చేతిలో పెట్టాలి. ఎవరు నువ్వని అడగకూడదు, అడిగితే పొమ్మన్నట్టే. మా ఆయన పెట్టెలో సెంట్లెక్కడివి? అన్నీ బనియన్లు, బూట్లు. అందరూ పోయాక తువ్వాల కప్పుకున్న ఒకతను వచ్చి పగిలిన మడమలు చూపించాడు.

"అన్నా, పాత బూట్లుంటే ఇయ్యరాదే."

ఆయన ఇచ్చేశాడు. అతను వెళ్లాక అడిగాను, "గాయనెవలు?"

"ఎవలైతేంది? వాకిట్లకొచ్చిండు."

"నీ బూట్లు గాయనకెట్ల సరిపోతయి?"

"గుడ్డలు కుక్కుకుంటడు తియ్యి."

నాకు ఒళ్లు మండింది. ఆ రోజుల్లో అంత గట్టి బూట్లు అడవిలో నడిచే అన్నలకు తప్ప ఇంకెవరికి కావాలి?

వారం తిరగకుండానే మల్లాపూర్ దాటాక మందుపాతరకు పోలీసు జీపు పేలింది. మర్నాడు కానిస్టేబుల్ హబీబుద్దీన్ మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చాడు. జగిత్యాలలో మా ఆయనతో కలిసి ఆడినవాడే. చాయ్ ముట్టలేదు.

"మార్కండేయులన్నా, నీ బూటు ఎన్నో నంబరు?"

నేను కళ్లతో వద్దంటూనే ఉన్నాను. ఆట సంగతి ఎత్తితే మా ఆయనకు ముందూ వెనకా కనపడదు.

"పదమూడు. హైదరాబాదంత దేవులాడినా దొర్కదు," అన్నాడు గర్వంగా.

హబీబుద్దీన్ ముఖం పాలిపోయింది. "ఇంకెవలకు చెప్పకన్నా," అని లేచి వెళ్లిపోయాడు. చెప్పే అవసరమే రాలేదు. గురువారం పొద్దున జీపు వచ్చింది. ఆయన్నీ, పాస్‌పోర్టునూ తీసుకుపోయారు.

తర్వాత జరిగింది ఆయనే చెప్పాడు. కోరుట్ల మీదుగా మల్లాపూర్ అవతల, జీపు పేలినచోటి కాలువ గట్టుకు తీసుకెళ్లారట. బురదలో బూటు అచ్చు ఉంది. అందులో కాలు పెట్టించారు. సరిగ్గా సరిపోయింది.

"ఎవలకో ఇచ్చిన సారూ," అన్నాడట.

"పేరు?"

"అడుగలే."

ఎస్సై నవ్వాడట. బేడీలు తీయించి చేను వైపు చెయ్యి చూపించాడట. "బాగ ఉరుకుతవట గదా. ఉరుకు, సూద్దాం."

పోలీసులు ఉరకమంటే ఏమవుతుందో మా జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు.

"గా మాట ఇనంగనే కాలు లేషింది బాలమణీ," అన్నాడు ఆయన, గోడకు ఆనుకుని. "ఇరవై ఏండ్లాయె, ఉరుకుమంటె ఉరుకుడే ఎరుక నాకు. కాలు లేషింది, ఉరికితె సస్తనని నేనే కూలవడ్డ."

అలాగే బురదలో చతికిలబడ్డాడట. లాగినా లేవలేదట. పక్క చేలో పసుపు తవ్వుతున్న ఆడవాళ్లు పని ఆపి నిలబడి చూశారట. అంతమంది చూస్తుండగా, ఉరకని మనిషిని కాల్చలేకపోయారట. ఆ ఆడవాళ్లెవరో నాకు తెలియదు. తెలిస్తే కాళ్లు మొక్కేదాన్ని. శుక్రవారం వదిలేశారు. పాస్‌పోర్టు ఇవ్వలేదు.

శనివారం విమానం పోయింది. మనిషి దక్కాడు, అంతే చాలనుకున్నాను. కానీ అప్పటి నుంచి జీపు చప్పుడు వింటే చాలు, నల్లా దగ్గరైనా నడి బజారులోనైనా ఉన్నచోటే కూలబడిపోతాడు. పిల్లలు నవ్వుతారు. నాకు ఏడుపొస్తుంది.

ఇందాక మా గల్లీ మొదట్లో జీపు ఒకటి ఆగింది. ఇంజను ఆపలేదు. ఆయన వాకిట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీది అన్నం దించేసి వెళ్లి నేనూ పక్కన కూర్చున్నాను.